పప్పు ఉడికే నీళ్ళు

నేను పుట్టుపిరికిని. మదనపల్లెలో ఉన్నన్నాళ్ళు మా అమ్మ ఆ మాట పదిమందిలో చెప్పి నవ్వేది. పుంగనూరుకు కోడలిగా వచ్చాక ఆ పని మా అత్త అందుకుంది. బల్లి మీద పడితే భయం, ఉరిమితే భయం, బస్సు మలుపులో ఒక పక్కకు ఒరిగితే భయం. ఇన్నింటికి భయపడినదాన్ని, అసలు భయపడవలసినదాన్ని మాత్రం ఏళ్ళ తరబడి చెంబులో ముంచుకుని హాయిగా తాగాను. ఇంట్లో అందరం తాగాం. బాగుందని మెచ్చుకుంటూ మరీ తాగాం.

మా అత్తగారికి పుంగనూరు బస్టాండు దగ్గర భోజనం హోటలు ఉండేది. ముందు వైపు హోటలు, వెనక ఇల్లు, రెండింటికీ కలిపి వంటిల్లు ఒక్కటే. మామ పోయాక దాన్ని నిలబెట్టింది మా అత్త. నా భర్త గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు కానీ, ఎవరు ఏం అడిగినా ముందు వంటింటి వైపు చూసి ఆ తర్వాత జవాబు చెప్పేవాడు. పెద్దమండ్యం నుంచి, బైరెడ్డిపల్లె నుంచి పనుల మీద వచ్చిన రైతులు, సంత వ్యాపారం చేసుకునే సాయిబులు, కోర్టుకు వాయిదాల మీద వచ్చినవాళ్ళు మా దగ్గరే తినేవాళ్ళు. సంగటి ముద్ద, దాని మీద గుంత చేసి పోసిన పప్పు. తలుపు మీద హోటలు పేరు రాసిన బోర్డు ఉండేది గానీ దాన్ని చదివినవాళ్ళు లేరు. అందరికీ అది పప్పు హోటలే.

పెరట్లో ఒక చేదబావి ఉండేది. ఆ నీళ్ళంటే ఇంట్లో ఎవరికీ గౌరవం లేదు. నోట్లో పోసుకుంటే నాలుక వెనక చేదు తగిలేది. సబ్బు ఎంత రుద్దినా నురుగు రాదు. అండాల అడుగున తెల్లగా పెచ్చు కట్టేది. అన్నిటికంటే పెద్ద నేరం, ఆ నీళ్ళలో పప్పు ఉడకదు. మధ్యాహ్నం దాకా మంట పెట్టినా కందిబద్ద బద్దలాగే తేలుతూ ఉండేది. అందుకని తాగేందుకూ వంటకూ ఊరి బయట తోట బావి నుంచి బండి మీద నీళ్ళు తెప్పించుకునేవాళ్ళం. డెబ్బైల చివరలో వానలు మొహం చాటేశాయి. తోట బావి ఎండిపోయింది. అప్పుడు మా అత్త పెరట్లో బోరు వేయించింది.

నీళ్ళు పడ్డాయి. పడినంత మాత్రాన అవి ఇంట్లోకి రాలేవు, వాటికి పరీక్ష ఉంది. మా వైపు కొత్త నీళ్ళు ఏవైనా సరే ముందు పప్పు ఉడికించి చూస్తారు. పెళ్ళికి వంటలు చేసేవాళ్ళూ అంతే, ఇల్లు కొనేవాళ్ళూ అంతే. మా అత్త ఆ పరీక్షను తిరునాళ్ళలా జరిపింది. రెండు పొయ్యిలు, రెండు ఒకే కొలత గుండిగలు, ఒకే బస్తాలోని కందిపప్పు, ఒకే మోపులోని కట్టెలు. ఒక గుండిగలో చేదబావి నీళ్ళు, ఒక గుండిగలో బోరు నీళ్ళు. పక్కింటి ఆడవాళ్ళు వచ్చి గోడ వెంబడి కూర్చున్నారు. కళాయి పోయడానికి వచ్చిన సాయిబు కూడా తన కొలిమి పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాడు. నేను కొత్త కోడలిని, కడుపుతో ఉన్నాను, పొగకు కళ్ళు మండుతున్నా లేచి పోవడానికి భయపడి అక్కడే ఉన్నాను.

బోరు నీళ్ళ గుండిగలో పప్పు వెన్నలా అయిపోయింది. గరిటె పెట్టి తిప్పితే బద్ద అన్నది కనపడలేదు. రెండో దానిలో నీళ్ళు మరుగుతున్నాయి, బద్దలు ఎగురుతున్నాయి, అంతే. మా అత్త బోరు నీళ్ళు దోసిట్లో పట్టి తాగింది. ఆమె మొహం అంత మెత్తబడటం నేను అంతకు ముందు చూడలేదు.

"మా అమ్మగారింటి నీళ్ళ మాదిరే ఉండాయి మే. అచ్చంగా అవే. నా సిన్నప్పుడు తాగిన నీళ్ళు నన్ను ఎదుక్కుంటా వచ్చిండాయి," అంది.

"సూడమ్మా, గిన్నెలకు పెచ్చు కట్టే నీళ్ళు కావివి. మంచి నీళ్ళు," అని సాయిబు కూడా సర్టిఫికెట్టు ఇచ్చేశాడు.

చేదబావి మీద చెక్కలు పరిచేశారు. వాటి మీద వడియాలు ఎండబెట్టుకునేవాళ్ళం.

నాకు కూతురు పుట్టింది. ఆ పిల్లకు ఉగ్గు కలిపింది ఆ నీళ్ళతో, అన్నం వండింది ఆ నీళ్ళతో. హోటలు కూడా పెరిగింది, పక్క గది పడగొట్టి బల్లలు వేశారు. మా అత్త వంటింటి గుమ్మంలో నిటారుగా నిలబడి అందరినీ అదిలిస్తూ ఉండేది. ఆమెది ఒక ప్రత్యేకమైన తీరు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే తల తిప్పేది కాదు, మనిషి మొత్తం తిరిగేది. కింద ఏదైనా పడితే వంగేది కాదు, నిలబడే "మే, అది తియ్యి" అనేది. పెద్దరికం అంటే అలాగే ఉంటుందని నేను అనుకున్నాను. ఊరంతా అలాగే అనుకుంది.

పిల్లకు పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు రావడం మొదలైన ఏడు నా భయం మొదలైంది. ముందు రెండు పళ్ళు సుద్దముక్కల్లా తెల్లగా, మెరుపు లేకుండా వచ్చాయి. సరేలే అనుకున్నాను. తర్వాత వాటి మీద అడ్డంగా ఇటుక రంగు చారలు దిగాయి. నేను బొగ్గుపొడితో రుద్దాను. ఉప్పుతో రుద్దాను. వేపపుల్లతో చిగుళ్ళు ఎర్రబడేదాకా రుద్దాను. పిల్ల ఏడ్చింది గానీ చార కదల్లేదు. అది పైన అంటుకున్న మురికి కాదు, పన్ను లోపలి నుంచే వచ్చినట్టు ఉంది. ఆ సంగతి వేలికి తెలిశాక వేపపుల్ల పక్కన పడేశాను.

"బెల్లం తింటాది, అంతే. నీకు ఊరికే భయం," అంది మా అత్త.

నిజమే, నాకు ఊరికే భయం. కానీ బడి ముందు నిలబడి చూస్తే మా వీధి పిల్లల్లో ఇంకా కొందరి పళ్ళు అలాగే ఉన్నాయి. ఆ పిల్లల ఇళ్ళలో బెల్లం కొనే స్థితే లేదు. వాళ్ళ అమ్మలు మాత్రం మా బోరు దగ్గరికే బిందెలతో వచ్చేవాళ్ళు.

మదనపల్లెలో మా అమ్మావాళ్ళు చూపించుకునే డాక్టరు ఒకాయన ఉండేవాడు. పిల్లను తీసుకుని బయల్దేరాను. మా అత్త కూడా వచ్చింది, ఆమెకు నడుం నొప్పి, దానికి మాత్ర అడగాలని. డాక్టరు పిల్ల పెదవి పైకెత్తి చూశాడు. చూసిన వెంటనే వదిలేశాడు. అంత తొందరగా వదిలేయడం నాకు మంచిగా అనిపించలేదు.

"ఏ నీళ్ళు తాగుతారమ్మా? బావా, బోరా?"

బోరు అన్నాను. ఆయన పిల్లతో, "గడ్డం గుండెకు ఆనించు చూద్దాం," అన్నాడు. పిల్ల ఆనించి నవ్వింది. కాలి బొటనవేళ్ళు ముట్టుకోమన్నాడు. ముట్టుకుంది. డాక్టరు ఊపిరి వదిలాడు. ఆ తర్వాత ఆయన కళ్ళు మా అత్త మీద పడ్డాయి. ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఆయనను చూడటానికి కుర్చీతో సహా తిరిగింది.

"మీరు కూడా ఒకసారి ఆనించండమ్మా."

"నాకేమప్పా, నాది నడుం నొప్పి. పిల్లకు సెప్పిన ఆట నాకు యాల?"

"ఒక్కసారి."

మా అత్త ప్రయత్నించింది. గడ్డం కొద్దిగా కిందికి దిగి ఆగిపోయింది. ఆమె మెడ నరాలు ఉబ్బాయి, పళ్ళు బిగించింది, మొహం ఎర్రబడింది. గడ్డం దిగలేదు. నా కూతురు, "అవ్వా, ఇట్ల" అని మళ్ళీ చేసి చూపించింది.

"మీ పుట్టిల్లు ఎక్కడ?" అన్నాడు డాక్టరు. పెద్దతిప్పసముద్రం అవతల ఒక పల్లె పేరు చెప్పింది ఆమె. ఆయన తెలిసినట్టు తలాడించాడు.

ఫ్లోరైడ్ అన్న మాట నేను ఆ రోజే విన్నాను. అది రాళ్ళలోంచి నీళ్ళలోకి దిగుతుందట. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచినా పోదు, వడగట్టినా పోదు. పెరిగే పిల్లలకు ముందు పళ్ళలో కనిపిస్తుంది. తాగుతూ పోతే ఎముకల్లోకి దిగుతుంది. మెడ బిగుస్తుంది, నడుం బిగుస్తుంది, కొందరు పిల్లలకు కాళ్ళు వంకర పోతాయి.

"పళ్ళ మీద వచ్చిన చార పోదమ్మా. ఎముకల సంగతి ఇంకా మీ చేతిలోనే ఉంది. నీళ్ళు మార్చండి. ఈ రోజే మార్చండి," అన్నాడు.

పుంగనూరు బస్సులో మా అత్త కిటికీ పక్కన కూర్చుంది. చాలా దూరం పోయాక నా వైపు చూడకుండానే అంది: "మా ఊర్లో అందురూ ఇట్లనే ఉంటారు."

నాకు గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో ఆమె పుట్టింటికి ఒక పెళ్ళికి వెళ్ళాం. పందిట్లో ముసలివాళ్ళు వరసగా కూర్చున్నారు. పెళ్ళికూతురు వస్తుంటే వాళ్ళు తలలు తిప్పలేదు, అందరూ భుజాలతో సహా ఒక్కసారిగా తిరిగారు. ఒక పెద్దావిడ గడప దాటడానికి ఒక్కో కాలినీ చేత్తో ఎత్తి పెట్టుకుంది. ఒక మనిషి కిందికి చూడలేక కట్టెతో నేల తడుముకుంటూ నడిచాడు. అప్పుడు నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. బస్సులో ఆ దృశ్యం మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది. ఆ వరసలో చివరి కుర్చీలో నా కూతురు కూర్చున్నట్టు కనిపించింది. పిల్ల నా ఒళ్ళో నిద్రపోతోంది. నేను దాని మోకాళ్ళు తడుముతూ కూర్చున్నాను, అవి నిటారుగానే ఉన్నాయా అని.

ఆ రోజు నుంచి పొద్దున పాలు ఇచ్చే ముందు పిల్లతో గడ్డం గుండెకు ఆనించేదాన్ని. ఆనేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. ఆనాక ఆ పూటకు బతికాననుకునేదాన్ని.

నా భర్త భయం వేరు. "ఈ మాట బయట అనొద్దు. ఊర్లో తెలిస్తే మన హోటలుకి కుక్క కూడా రాదు," అన్నాడు. అయితే ఆయనకూ కూతురంటే ప్రాణం. తోట బావి మళ్ళీ ఊరలేదు, వేరే నీళ్ళ కోసం నాలుగు చోట్ల విచారించాడు. కుప్పం దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఎలాంటి నీటినైనా మంచినీరు చేసే పెద్ద యంత్రం పెట్టారని, దాన్ని అమ్మే బెంగుళూరు మనిషి అక్కడికి వస్తూ ఉంటాడని ఒక లారీ యజమాని చెప్పాడు. కబురు పెడితే ఆయన, రండి చూపిస్తాను, మీ ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ సీసాల్లో పట్టుకు రండి అని చెప్పి పంపాడు. చేదబావి నీళ్ళు ఎందుకు, దండగ మోత అన్నాడు నా భర్త. చెప్పినట్టు చేయకపోతే ఏమవుతుందో అన్న భయంతో నేను చెక్కలు జరిపి ఆ నీళ్ళు కూడా తోడాను. గుర్తుకు ఆ సీసా మెడకు నల్లదారం కట్టాను.

కుప్పానికి వెళ్ళే దారంతా సీసాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఫ్యాక్టరీలో ఆ యంత్రం ఒక షెడ్డు నిండా ఉంది. మనిషి పొడుగు గొట్టాలు ఒకదాని మీద ఒకటి, మీటర్లు, మోటార్లు. అది నడుస్తుంటే కాళ్ళ కింద నేల అదిరేది. అమ్మే ఆయన తెలుగువాడే, మర్యాదస్తుడు. దాన్ని రివర్స్ ఆస్మాసిస్ అంటారని చెప్పాడు. గొట్టాల లోపల చుట్టిన సన్నని పొర ఉంటుంది, నీటిని గట్టి ఒత్తిడితో దాని మీదికి తోస్తే నీరు దాటి వస్తుంది, ఉప్పులూ విషాలూ దాటలేక వెనక ఉండిపోతాయి. ఒక సన్నని పైపు కింద గ్లాసు పట్టి నాకు ఇచ్చాడు. తాగాను. ఏ రుచీ లేదు.

"దాటలేనివి యాడికి పోతాయప్పా?" అన్నాను.

ఆయన షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ లావుపాటి పైపు లోంచి నీళ్ళు ధారగా కాలువలోకి పడుతున్నాయి. మంచినీళ్ళ కంటే ఆ ధారే పెద్దదిగా ఉంది. కాలువ వెళ్ళి ఒక కుంటలో కలిసింది. కుంటలో రెండు ఎనుములు మెడ దాకా మునిగి తాగుతున్నాయి. వడగట్టిన విషమంతా చిక్కబడి అక్కడికే కదా వస్తోంది అనుకున్నాను. మా పెరటి కాలువ ఎక్కడికి పోతుందో గుర్తొచ్చింది. వీధి చివర పల్లంలోకి. అక్కడ పిల్లలు ఆడుకుంటారు.

ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి అడగవలసినవన్నీ అడిగాడు. హోటలుకు రోజుకు ఎంత నీరు కావాలి? తాగడానికీ వంటకేనా, గిన్నెలు కడగడానికి కూడానా? కడగడానికైతే యంత్రం నీళ్ళు అక్కర్లేదు, పాత నీళ్ళు చాలు, ఆ లెక్క విడిగా చూసుకుంటే చిన్న యంత్రం సరిపోతుంది. కరెంటు ఎంతసేపు ఉంటుంది? మా పుంగనూరు కరెంటు సంగతి చెప్పడానికి నా భర్త సిగ్గుపడ్డాడు. ఎండాకాలంలో బోరు ఎంత పోస్తుంది? అది మేం ఎన్నడూ కొలవలేదు. పొర పాడైతే విదేశం నుంచి రావాలి, వచ్చేదాకా ఆగగలరా? ఆగినన్నాళ్ళు పిల్ల ఏ నీళ్ళు తాగుతుందని నాలో నేను అనుకున్నాను. అమ్ముకునే మనిషి అయినా ఆయన, "తొందరపడి కొనొద్దండి. ముందు మీ నీళ్ళు చూద్దాం," అన్నాడు.

ఫ్యాక్టరీలో నీళ్ళు పరీక్షించే కెమిస్టు ఒకామె ఉంది. రెండు గాజు గొట్టాల్లో మా నీళ్ళు పోసి, ఒక్కో దానిలో ఎర్రటి మందు చుక్కలు వేసింది. రెండూ గులాబి రంగుకు తిరిగాయి. "ఇది గులాబి రంగులోనే ఉంటే భయం లేదు. పసుపుకు తిరిగితే ఆ నీళ్ళు తాగొద్దు," అంది. మేం ఎదురుచూస్తూ నిలబడ్డాం. రెండూ పసుపుకు తిరిగితే మాకు భూమి మీద నీళ్ళే లేనట్టు.

బోరు నీళ్ళు మెల్లగా రంగు మారాయి. గులాబి పోయి నారింజ అయింది, నారింజ పోయి ఎండు గడ్డిలా పసుపు అయింది. రెండోది మారలేదు. ఎంతసేపు చూసినా మారలేదు. నేను సీసా మెడ తడుముకున్నాను. నల్లదారం ఉంది.

"ఇవి ఏ నీళ్ళమ్మా?" అంది ఆమె.

"పప్పు ఉడకని నీళ్ళు," అన్నాను.

ఆమె నవ్వలేదు. చేదబావి నీళ్ళలో సున్నం ఎక్కువ అని, అందుకే పప్పు ఉడకదని, గిన్నెలకు పెచ్చు కడుతుందని చెప్పింది. సున్నం ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్ అంతగా నిలవదట. సున్నం లేని మెత్తని నీళ్ళలోనే అది పెరుగుతుందట. "అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని కాదు. మీ ఇంటి సంగతి మాత్రం ఇదీ. బావి పూడిక తీయించి, మందు చల్లించి, తాగే నీళ్ళు కాచుకోండి. ఏటా ఒకసారి పరీక్షకు తెండి," అంది.

మెత్తగా ఉడికిందని రోజూ పప్పును వేలితో నొక్కి చూసుకుని మురిసిపోయేవాళ్ళం. ఆ మెత్తదనమే విషానికి గుర్తు అని ఎవరికి తెలుసు? తిరుగు బస్సులో నాకు సంతోషం రావలసింది. రాలేదు. వంటింట్లో మా అత్త మాటే చెల్లుతుంది. ఆమె తన పుట్టింటి నీళ్ళను కాదని, చెక్కలు పరిచి మూసేసిన నీళ్ళను మళ్ళీ లోపలికి రానిస్తుందా? రానివ్వకపోతే నేను పిల్లను తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోవాలా? పలమనేరు దాటేదాకా ఇదే ఆలోచించాను.

జరిగింది మా అత్తకు చెప్పాం. మరుసటి పొద్దున లేచేసరికి పెరట్లో రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి. రెండు గుండిగలు, ఒకే బస్తా పప్పు, ఒకే మోపు కట్టెలు. ఈసారి చూసేందుకు మా అత్త ఎవరినీ పిలవలేదు. పీట కూడా వేసుకోకుండా నిలబడే చూసింది. బోరు పప్పు వెన్న అయింది. రెండోది బద్దలు బద్దలుగానే ఉంది. రెండింటినీ గరిటెతో రుచి చూసింది. తర్వాత నా కూతురిని పిలిచి రుబ్బురోలు మీద నిలబెట్టింది. పిల్ల మొహం తన మొహానికి సమంగా వచ్చింది. ఆమెకు వంగి చూడటం కుదరదు కదా.

"నోరు తెరువు."

పొద్దుటెండ పిల్ల పళ్ళ మీద పడింది. మా అత్త వేలితో ఆ చారలు ఒక్కొక్కటీ తడిమింది. తర్వాత బోరు నీళ్ళ గుండిగ కింద కట్టెలు లాగి నీళ్ళు చల్లింది.

"బోరు నీళ్ళు అంట్లు తోమేదానికి మాత్రమే. వంటింట్లోకి ఒక్క చెంబు రాకూడదు," అంది కొడుకుతో.

"పప్పు ఉడకదే అమ్మా! హోటలు..."

"నానబెట్టు. నానితే యాల ఉడకదు? ఎంత సేపైనా కానీ. ఇంకో మోపు కట్టెలు కాల్తాయి, కాలనీ. బిడ్డ కాళ్ళు వంకర పోయినాక నీ గల్లాపెట్టె తెచ్చి కట్టు కడతావా?"

కొడుకు దాచమన్న మాట కూడా ఆమె దాచలేదు. మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి తినేవాళ్ళందరికీ వినపడేలా చెప్పింది: "పప్పు ఇంగ మునుపటి మాదిరి ఉండదప్పా. నీళ్ళు మార్చినాము. ఆ బోరు నీళ్ళు బిడ్డలకు మంచివి కాదంట. ఇష్టమైతే తినండి, లేకుంటే పక్క హోటలు ఉండాది." కొందరు పక్క హోటలుకు వెళ్ళారు. అక్కడి నీళ్ళు ఎలాంటివో వాళ్ళు అడగలేదు. పూడిక తీయించి మందు చల్లించాక వీధి ఆడవాళ్ళు మాత్రం బిందెలు పట్టుకుని చేదబావి దగ్గర వరస కట్టారు.

అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. మా అత్త ఆ నీళ్ళు తాగలేదు. అంట్లు తోమే తొట్టి దగ్గరికి తన చెంబు తీసుకెళ్ళి బోరు కొళాయి కింద పట్టుకునేది. నేను అడ్డుపడితే, "నాకు ఇంగ ఏమి మిగిలిందని? బిగుసుకునేది ఎప్పుడో బిగుసుకునింది. మా అమ్మ నీళ్ళు, నన్ను తాగనీ," అనేది. నాకు ఆమెను ఎదిరించే ధైర్యం లేదు. ఆ చెంబు ఇంట్లో ఉండటమే భయం. ఎక్కడ పిల్ల చేతికి అందుతుందో అని దాన్ని అటక మీదికి ఎక్కించేదాన్ని, ఆమె మళ్ళీ దింపించుకునేది.

నా కూతురికి మాత్రం పొద్దుటి పరీక్ష ఆటైపోయింది. తన గడ్డం ఆనించి, వెంటనే పీట ఎక్కి, "ఇంగ నీ వంతు అవ్వా," అనేది. మా అత్త తల దించేది. ఆగిన చోట, గడ్డానికీ గుండెకూ మధ్య ఖాళీలో పిల్ల తన పిడికిలి పెట్టేది. పిడికిలికి గడ్డం తగిలేది. "తగిలింది! అవ్వ కూడా గెలిచింది!" అని అరిచేది. మా అత్త నవ్వేది. పిల్ల కూడా నవ్వేది, అయితే చేత్తో నోరు మూసుకుని. అప్పటికే బడిలో ఎవరో దాని పళ్ళను చూసి ఏదో అన్నారు.

ఒక పొద్దున ఆట అయ్యాక పిల్ల పీట దిగి, పక్కనే ఉన్న అవ్వ చెంబు ఎత్తుకుంది. నేను వంటింట్లో ఉన్నాను, కిటికీలోంచి కనిపిస్తోంది.

"నాకూ ఈ నీళ్ళే ఇష్టం అవ్వా. బావి నీళ్ళు చేదు. నువ్వు తాగుతాండావు కదా, నేనూ తాగుతా," అని చెంబు నోటి దాకా తెచ్చింది.

నేను అరవాలని నోరు తెరిచేలోపే మా అత్త చెయ్యి లేచింది. అంత వేగంగా ఆమె ఒళ్ళు కదలడం నేను ఎన్నడూ చూడలేదు. చెంబు పిల్ల చేతుల్లోంచి ఎగిరి పెరటి బండల మీద దొర్లుకుంటూ పోయింది. పిల్ల దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని బిక్కమొహం వేసింది. మా అత్త గోడకు ఆనుకుని వణికిపోతోంది. ఏదీ లెక్కచేయని మనిషి, నన్ను పిరికిదానివని ఇన్నేళ్ళు నవ్విన మనిషి. ఆమె కళ్ళలో భయం చూడటం నాకు అదే మొదలు. నా భయానికి ఇంట్లో ఒక తోడు దొరికింది.

"కొట్టలేదు బిడ్డా. నిన్ను కొట్టలేదు," అంటోంది. చెంబు తీసుకోవాలని చూసింది, వంగలేక ఆగిపోయింది.

పిల్లే వెళ్ళి చెంబు ఏరుకొచ్చింది. వంటింట్లోకి వచ్చి, నన్ను ఏమీ అడగకుండా, కాచి చల్లార్చిన బావి నీళ్ళు ముంచింది. రెండు చేతులతో పట్టుకెళ్ళి అవ్వకు ఎత్తి ఇచ్చింది. మా అత్త ఆ చెంబు వైపు కాసేపు చూసింది. తర్వాత ఎత్తి, ఆపకుండా మొత్తం తాగింది. చేదుకు మొహం ముడుచుకుంది. ఖాళీ చెంబు నా వైపు చాపి, "నాకూ ఈ నీళ్ళే పోయి మే, ఇంగ," అంది.

మరుసటి పొద్దున పిల్ల ఎప్పటిలాగే తన గడ్డం ఆనించి పీట ఎక్కింది. మా అత్త తల దించింది. పిల్ల పిడికిలి పెట్టింది. గడ్డం తగల్లేదు. కొన్నాళ్ళుగా అది తగిలీ తగలనట్టు ఉండటం నేను చూస్తూనే ఉన్నాను, ఎవరికీ చెప్పలేదు. పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, ఆ పిడికిలి మీద రెండో పిడికిలి పెట్టింది.

"తగిలిందా?" అంది మా అత్త.

"తగిలిందవ్వా," అంది నా కూతురు. ఈసారి నోరు మూసుకోకుండానే నవ్వింది.